బాలనాగమ్మ కుడిచెయ్యి

పెనుకొండలో మా షెడ్డులో దేవుడి వాహనాలు చేస్తాం. చెక్కేది నేను, మెరుపు తెచ్చేది బాలనాగమ్మ. చెక్కకు చింతగింజల బంక పూసి, తగరపు రేకు పరిచి, ముందు అరచేత్తో, తర్వాత నున్నటి రాయితో రుద్దుతుంది. రేకు కాగితం కంటే పలచన. గాజు తగిలిందంటే చినిగినట్టే. అందుకే ఆ పని చేసే ఆడవాళ్లు కుడిచేతికి గాజులు ఉంచుకోరు. బాలనాగమ్మ వదులు గాజులే కొనుక్కునేది. పొద్దున రాగానే తీసి గోడమేకుకు తగిలించి, సాయంత్రం వేసుకుని ఇంటికి పోయేది. పన్నెండేళ్లుగా అంతే.

ఆమె మొగుడు మద్దిలేటి ఆటో తోలేవాడు. మొన్న వేసవిలో మడకశిర రోడ్డులో ఆటో బోల్తాపడి వాడి గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. తాగి తోలాడని అందరికీ తెలుసు. వాడికి మాత్రం పెళ్లాం బోసి చెయ్యే కారణమని తోచింది. దరిద్రుడు!

హిందూపురం గుడి వాళ్ల సింహానికి ఆమె మొహం రుద్దుతుండగా వాడు వచ్చాడు, చేతిలో కొత్త గాజులతో.

"నేను బతికుండంగానే చెయ్యి బోసి చేసుకుంటాండావా?" అంటూ జుట్టు పట్టి వంచాడు.

"రేకు చినుగుతాది, ఇడువు! సాయంత్రం ఏసుకుంటా కదా!"

బిగుతు గాజులు. బలవంతాన ఎక్కిస్తుంటే మణికట్టు మీదే పగిలాయి. సింహం మొహమంతా రక్తం. అయినా వాడి కోపం చల్లారలేదు. ఆ చేతిని బల్ల మీద అదిమిపట్టి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను ఉలి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మొగుడూపెళ్లాల గొడవ, మనకెందుకు అనుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మూడోసారి సుత్తి లేచింది. ఆమె ఎడమచేత్తో రుద్దుడురాయి అందుకుని వాడి నుదుటి మీద కొట్టింది. వాడు చెక్కపొట్టులో పడ్డాడు. మీద కూర్చుని మూతి మీద ఇంకోటి వేసింది. పళ్లు రాలాయి.

అప్పుడు కదిలాను. కదిలి ఎవరిని ఆపాను? ఆమెను. వెనక నుంచి రెండు చేతులూ ఒడిసిపట్టాను. విరిగిన చేతిని కూడా. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వాడి మీద కేసయింది. మద్దిలేటి ధర్మవరంలో అన్న ఇంట్లో ఉంటున్నాడు. ఆసుపత్రిలో కట్టు విప్పాక ఆమె రెండు వేళ్లు ముడుచుకోలేదు. ఇక ఈ పనికి రాదనుకున్నాం.

మూడో నెలలో వచ్చింది. ఈసారి ఎడమచేతి గాజులు తీసి మేకుకు తగిలించింది. సింహం మొహానికి కొత్తగా బంక పూసింది. రేకు పరిచింది గాని, కుడిచేత్తో అదిమి ఉంచలేకపోయింది. నా వైపు చూసింది.

"ఆ పొద్దు నన్ను గట్టిగా పట్టుకుంటివి కదా సురేంద్రన్నా," అంది. "రా, ఈ పొద్దు రేకు పట్టుకో."

వెళ్లి పట్టుకున్నాను. మరీ గట్టిగా పట్టానేమో, రేకు చినిగింది. ఆమె ఇంకోటి తీసి పరిచింది.