అమ్మ చీర కుచ్చిళ్ళు తడిసిన రోజు

దెయ్యాలు, ఆత్మల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి టీ తాగడానికి పోయే రకం. బాగేపల్లిలో మాది స్టీలు పాత్రల అంగడి. నాయన కాలం నుంచి ఉంది. రోజంతా సామాను, గిరాకీ, బేరాలు. కంటికి కనబడి చేతికి తగిలేదే నాకు నిజం. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి నన్ను అలాంటివి నమ్మే మనిషిగా లెక్కేయవద్దని.

నాకు ఒక్కతే చెల్లెలు, సుధ. చింతామణిలో టీచరుగా ఉన్నప్పుడు అదే స్కూల్లో లెక్కలు చెప్పే దానియేలును పెళ్ళి చేసుకుంది. ఆయన క్రైస్తవుడు. కొన్నాళ్ళకు సుధ కూడా ఆ నమ్మకంలోకి వెళ్ళింది. అప్పటి నుంచి మా అమ్మ సుధ పేరు ఎత్తలేదు. తిట్టలేదు, ఏడవలేదు. పేరు ఎత్తలేదు, అంతే.

నేను మాత్రం పని మీద చింతామణి వెళ్ళినప్పుడల్లా వాళ్ళింట్లో భోంచేసి వచ్చేవాణ్ణి. అమ్మకు తెలుసు. ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు.

సుధకు కృప అనే కూతురు పుట్టింది. పుట్టుకతోనే ఆ పాప కుడి పాదం లోపలికి తిరిగి ఉండేది. బెంగళూరులో ఆపరేషన్ చేయించారు. మడమ వెనక నుంచి పిక్క దాకా పొడుగాటి మచ్చ మిగిలింది కానీ పాదం పూర్తిగా సరికాలేదు. గోడ పట్టుకొని నడిచేది. నడుస్తూ నవ్వేది. బడికి పంపే వయసు వచ్చేసరికి ఏదో జ్వరం తగిలి, పోయింది.

అమ్మ ఆ పిల్లను ఒక్కసారి కూడా చూడలేదు. ఫోటో కూడా చూడలేదు.

కృప పోయిన కొన్నాళ్ళకు సుధను ఓదార్చబోయి, "పాప పైన దేవుని దగ్గర సుఖంగా ఉంటాదిలేమ్మా" అన్నాను. సుధ వంకాయలు తరుగుతూ ఉంది. కత్తి పక్కన పెట్టింది.

"దేవుని దగ్గరే ఉండాదన్నా. కానీ మేము నమ్మేది ఆడికే ఆగదు. ఆయనే కిందికొస్తాడు. మనుషుల మధ్యనే ఉంటాడు. ఈ భూమే కొత్తదవుతాది. నా బిడ్డ మళ్ళా లేస్తాది. ఒళ్ళుతోనే లేస్తాది."

"మన బాగేపల్లి, చింతామణి కూడా కొత్తవవుతాయా?" నవ్వులాటగానే అడిగాను.

ఆమె నవ్వలేదు. "ఏంటికి కాకూడదు? ఈ బీళ్ళు, ఎండిపోయిన చెరువులు, అన్నీ. తాను చేసినదాన్ని ఆయన పారేసేవాడు కాదు."

నేను మాట మార్చాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏదో ఒక ఆసరా కావాలి కదా అనుకున్నాను.

తర్వాత సుధకే కిడ్నీలు చెడిపోయాయి. చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రికి డయాలసిస్‌కు తిరిగేది. ఒక ఎండాకాలం పొద్దున దానియేలు ఫోన్ చేశాడు. పరిస్థితి బాగలేదని, చూడాల్సినవాళ్ళను వచ్చి చూడమని డాక్టర్లు చెప్పారట.

అమ్మ దేవుడి గూట్లో దీపం సర్దుతూ ఉంది. "సుధకు బాగలేదు, నేను పోతాండా" అన్నాను. అమ్మ వత్తి ఎగదోసి నూనె పోసింది.

"కారు తియ్యి. నేనూ వస్తా" అంది చివరికి.

పేరేసంద్ర ఊరు దాటాక అమ్మ వాంతి వస్తోందని కారు ఆపమంది. అమ్మకు కారు ప్రయాణం పడదు. రోడ్డు పక్కన ఒక చెరువు కట్ట ఉంది. వరుసగా కొన్నేళ్ళు వానలు లేక ఆ చెరువులో చుక్క నీరు లేదు. వచ్చేటప్పుడు పోయేటప్పుడు చూస్తూనే ఉన్నాను కాబట్టి నాకు బాగా తెలుసు. నెర్రెలు బారిన నేల, అక్కడక్కడా సర్కారు తుమ్మ.

అమ్మ దిగి గాలికి కట్ట వైపు నడిచింది. అప్పుడే దానియేలు మళ్ళీ ఫోన్ చేశాడు. కారుకు ఆనుకొని, చెరువు వైపు వీపు పెట్టి మాట్లాడాను. ఎక్కువసేపు కాదు. ఫోన్ పెట్టేసి తిరిగేసరికి అమ్మ కట్ట దిగి నా వైపు వస్తోంది.

చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు అతుక్కుపోయాయి. అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పాదాల నిండా నల్లటి బురద.

"యాడ పడితివమ్మా?"

"పడలేదు. చెరువులోకి దిగినా."

"చెరువులో నీళ్ళు యాడుండాయి?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "నిండుగా ఉండాది కదరా" అని కారెక్కి కూర్చుంది.

నేను కట్ట ఎక్కి చూశాను. ఎండకు తెల్లబారిన మట్టి. గుంటలో నిలిచిన నీళ్ళున్నాయేమో, పగిలిన పైపేదైనా ఉందేమో అని అటూ ఇటూ నడిచి వెతికాను. ఏమీ లేదు. కట్ట వాలు మీద అమ్మ పాదాల తడి గుర్తులు మాత్రం ఉన్నాయి. కింద, పొడి నేల మీద, ఉన్నట్టుండి మొదలై పైకి వచ్చాయి. నేను చూస్తూ ఉండగానే ఎండకు ఆరిపోతున్నాయి.

ఎండదెబ్బ తగిలిందేమోనని అమ్మ నుదురు పట్టి చూశాను. చల్లగా ఉంది. కుచ్చిళ్ళు చేత్తో పిండాను. నీళ్ళే.

ఆసుపత్రి వరండాలో నేల తుడిచే ఆమె బురద చూసి విసుక్కుంది. "ఇంత మట్టి యాడ తొక్కొచ్చినారమ్మా" అంటూ మళ్ళీ తుడిచింది. ఆ బురదను చూసింది నేనొక్కణ్ణే కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

సుధ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మెలకువగానే ఉంది. అమ్మను చూసి లేవబోయింది. ఇన్నేళ్ళ తర్వాత అమ్మ నోటి నుంచి ఏ మాట వస్తుందోనని నేనూ దానియేలూ నిలబడిపోయాం.

"నీ బిడ్డ కనబడింది" అంది అమ్మ.

"యాడమ్మా?"

"చెరువులో. నీళ్ళల్లో పరుగెత్తతా ఉండె. అవ్వా, రా అని నా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొని పోయింది. కుడి కాలు వెనక పొడుగ్గా మచ్చ ఉండాది. నొస్తాదా పాపా అంటే, లేదనింది."

మా ఇంట్లో ఆ మచ్చ సంగతి తెలిసింది నా ఒక్కడికే. అమ్మ దగ్గర నేనెప్పుడూ ఎత్తలేదు. దానియేలు గోడ వైపు తిరిగి ముఖం కప్పుకున్నాడు.

సుధ ఊపిరి కూడదీసుకొని, "ఎంత ఉండాది?" అని అడిగింది.

అమ్మ తన నడుం దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించింది. "చిన్నదే. కానీ నాకు తెలియనివన్నీ దానికి తెలిసినట్టు ఉండాది. ఒడ్డు పొడుగునా ఎంత పచ్చగా ఉండాదో, నా వయసులో అట్లాంటిది చూడలేదు. ఎంత బాగుండాది పాపా అంటే, ఇది కొంచెమే అవ్వా, ఇంగా శానా రావాల, అనింది."

సుధ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అమ్మ అరచేతిని తీసుకొని తన చెంప కింద పెట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను.

అమ్మ ఆ రోజు నాతో బాగేపల్లికి తిరిగి రాలేదు. ఆసుపత్రిలోనే ఉండిపోయింది. సుధకు తల దువ్వింది, చెంచాతో నీళ్ళు పట్టింది, బంధువుల ముచ్చట్లు చెప్పింది. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున సుధ పోయింది.

అప్పటి నుంచి ఎన్నో రకాలుగా ఆలోచించాను. పెద్ద వయసు, మనసులోని దిగులు, ఎండ. మచ్చ సంగతి ఎవరో చుట్టం నోట విని ఉండవచ్చు. అన్నిటికీ ఏదో ఒక జవాబు దొరుకుతుంది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. అవి నా చేతికి తగిలాయి. అమ్మ కూర్చున్న సీటు సాయంత్రం దాకా తడిగానే ఉంది.

అమ్మ మతం మారలేదు. ఇప్పటికీ పొద్దున్నే దీపం పెడుతుంది.

సుధను చింతామణిలోనే పూడ్చారు. మా బంధువులు దూరంగా నిలబడ్డారు. ప్రార్థన అయిపోయాక అమ్మ పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చిన్న వయసువాడు.

"అప్పా, అంతా కొత్తదవుతాదని చెప్తిరే, అది ఈ నేలేనా?"

ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి అమ్మ చేతిలో పోశాడు. "ఈ నేలేనమ్మా" అన్నాడు.

అమ్మ ఆ మట్టిని గుప్పిట పట్టుకుంది. తర్వాత చెప్పులు విడిచి పక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో సమాధి అంచు దాకా నడిచి వెళ్ళింది. అది చూసి నేనూ చెప్పులు విడిచాను. అమ్మ వెనకే నడిచాను.