కనుమ మీద డబ్బా చప్పుడు

దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు నమ్మకం లేదు. మా చర్చిలో ఎవరైనా లేచి, చనిపోయినవాళ్లు కలలో కనిపించారని సాక్ష్యం చెబుతుంటే, రాత్రి ఏం తిని పడుకున్నారో అనుకునేదాన్ని. ఇది రాస్తున్నప్పుడూ నేను అదే మనిషిని.

మా సుగుణ పిన్ని తిరువూరులో హిందీ టీచరుగా చేసింది. బాబాయి రెడ్డిగూడెం దగ్గర మామిడితోట చూసుకునేవాడు. పిన్ని రిటైరయ్యాక ఇద్దరూ హిమాలయాలకు వెళ్లాలనుకున్నారు. ఈలోపే బాబాయి గుండెపోటుతో పోయాడు. పిన్ని ప్రయాణం మానుకోలేదు, తోడుగా నన్ను రమ్మంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయమన్నాను.

"నువ్వేం మాట్లాడక్కర్లేదే, నడిస్తే చాలు" అంది.

హిమాలయాల్లో స్పితి వైపు, కొండల మధ్య ఒక కనుమ దాటి అవతలి ఊరికి దిగాలి. మా గైడు తాషి ఆ ఊరివాడే. కనుమ పైకి చేరేసరికి పిన్నికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. "తిరువూరు ఎండల్లో కాగిన ఒళ్లే ఇది, చలి నన్నేం చేస్తుంది?" అని నవ్వబోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. వెంటనే కిందికి దించకపోతే బతకదని తాషి నాతో మెల్లగా చెప్పాడు.

అప్పుడే మంచు కురవడం మొదలైంది. కాలిబాట కప్పుకుపోయింది, పొగమంచులో ఏమీ కనపడలేదు. తాషి ఎడమవైపు వాలులోకి కాస్త దూరం దిగి ఆగాడు. చిన్నప్పటి నుంచి తిరిగిన దారిలో అతనికే అనుమానం వచ్చిందని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

కుడివైపు కింద నుంచి చప్పుడు వినిపించింది. ఖాళీ రేకు డబ్బాని కర్రతో కొట్టినట్టుంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. మళ్లీ రెండు, ఒకటి.

మా తోటల్లో చిలకల్ని తోలడానికి డబ్బా కొడతారు. అది ఆగకుండా మోగుతుంది. ఇది వేరు. వేసవి సెలవుల్లో పిన్ని క్యారియర్ తెస్తే, అన్ని చెట్ల మధ్య తనెక్కడున్నాడో తెలియడానికి బాబాయి ఇలా కొట్టేవాడు. పిన్ని వెంట నేనూ వెళ్లేదాన్ని.

నేను చెప్పకముందే తాషే తల తిప్పి, "ఎవరో డబ్బా కొడుతున్నారు. గొర్రెలవాళ్లు అయ్యుంటారు, పదండి" అన్నాడు.

పిన్నిని మధ్యలో పట్టుకుని ఆ వైపే దిగాం. మేం దిగేకొద్దీ చప్పుడు కూడా కిందికి జరిగింది. వాగు కనపడగానే ఆగిపోయింది. వాగు పక్కనే ఊరి దారి. అక్కడ గొర్రెలు లేవు, మనిషి లేడు. కొత్త మంచు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు.

ఊళ్లోని చిన్న ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు పిన్ని లేచి కూర్చుని టీ తాగింది. కిటికీలోంచి కొండ తేటగా కనిపిస్తోంది. తాషి మొదట దిగబోయిన వాలు సగంలోనే తెగిపోయి ఉంది. దాని కింద లోయ.

తాషి పలకరించడానికి వచ్చాడు. "గొర్రెలవాళ్లు ఎప్పుడో దిగిపోయారట. మరి కొట్టిందెవరు?" అంటూ మంచం పక్క బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు. రెండు, కాస్త ఆగి ఒకటి.

పిన్ని చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"అది మీ బాబాయి కదే."

తలూపాను.

"నువ్వూ విన్నావా?"

"విన్నాను పిన్నీ."

"మీ ఇద్దరి మధ్యనే ఉన్నాను కదే. నాకెందుకు వినపడలేదు?"

అంత ఎత్తులో చెవులు దిబ్బెళ్లు పడి ఉంటాయన్నాను. "అంతేలే" అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ చప్పుడు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా సరిపెట్టుకోగలను. పిన్ని అడిగినదానికే ఏం చెప్పాలో తోచదు. ఎందుకంటే దిగుతున్నంతసేపూ నేను భయంతో గొణిగిన ప్రతి మాటా ఆమెకు వినపడింది. ప్రతిదానికీ "ఏం కాదులేవే" అంటూనే ఉంది.