దేవకమ్మ హోటల్లో సందుల బీరువా

బంగారుపాళ్యంలో మామిడికాయ ఇంకా కొమ్మ మీద ఉండగానే, చిన్నబ్బ కొట్టిన పెట్టె కింద నోరు తెరుచుకుని నిలబడి ఉండేదని చెప్పుకునేవాళ్లు. ఆయన పెట్టె ఒకటి ఢిల్లీ రైల్లోంచి జారి నర్మదలో పడి, వారం తరువాత ఒడ్డుకు చేరితే, అందులో ఒక్క కాయకూ మచ్చ పడలేదట. ఈ మాట మొదట చెప్పింది చిన్నబ్బే.

ఇరవై ఆరేళ్లు ఆ పెట్టెలే కొట్టాడు. 2001లో మామిడి మండీలకు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. కడిగితే కొత్తవైపోతాయి, మేకులు గుచ్చుకోవు. ఆ ఏడు మామిడి విరగకాసింది గానీ, పెట్టె కావాలని చిన్నబ్బ గడప తొక్కినవాడు లేడు. తలుపుల పనికీ మంచాల పనికీ తిరిగాడు. ఎక్కడికి పోయినా ఒకటే మాట: "నువ్వు పెట్టెలోడివి కదప్పా!"

హైవే పక్కన హోటలు నడిపే దేవకమ్మ ఒక్కతే ఆ మాట అనలేదు. ఆమెకు వడలు పెట్టుకునే అద్దాల బీరువా కావాలి. ఉన్న రేకు బీరువాలో వేడి వడలు పెట్టగానే అద్దాలకు చెమట పట్టేది. బస్సు దిగినవాళ్లకు లోపల ఏముందో కనబడేది కాదు. గంట తిరిగేసరికి వడలు మెత్తబడేవి.

"సిత్తూర్లో మా మామోళ్లు పాతిల్లు పడగొట్టినారు. టేకు తలుపులు ఉండాయి. బీరువా సేస్తావా?" అని అడిగింది.

"సేస్తానక్కా. బాగలేదంటే మల్లా ఉలి ముట్టను. గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడుక్కుంటా బతుకుతాను," అన్నాడు చిన్నబ్బ. అనేశాడు గానీ, ఆ మాట ఇంటిదాకా వెంట నడిచి వచ్చింది.

మూడు నెలలు పట్టింది. పాత తలుపులకు చిత్రిక పడితే, నలుపు కింద తేనె రంగు బయటపడింది. ముందువైపు మేకు వాడకూడదని పంతం పట్టి, కొయ్యలో కొయ్య దూర్చి బిగించాడు. మొదటి అతుకు వదులైంది, రెండోది చీలింది, ఏడోది నిలిచింది. తలుపులకు అద్దాలు చిత్తూరులో కొని, దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు దుప్పటి తొలగించి చూసి, "ఏమబ్బా, ఇందులో ఇంకొకాయన కూర్చోనుండాడే, ఆయన టికెట్టేదీ?" అన్నాడు.

చివరికి వెనక చెక్కలు మిగిలాయి. ఎవరూ చూడని వైపే కదా అని ఒక్క పొద్దుటిపూటలో కొట్టేశాడు. చేతులు వాటి దారిన అవి పోయాయి. కళ్లు మాత్రం అద్దాల తలుపుల మీదే ఉన్నాయి.

మరునాడు బీరువాను హోటల్లో కిటికీకి ముందు నిలబెట్టారు. ఊళ్లో తలుపులు చేసే జయరావు టీ గ్లాసుతో దాని చుట్టూ తిరిగి, వెనకవైపుకు వంగి చూశాడు. టీ పొలమారింది.

"సిన్నబ్బా! ఇదేందప్పా? సెక్కకూ సెక్కకూ మధ్య వేలు దూరతా ఉండాది. బీరువా సేసినావా, తోతాపురి కాయలకు పెట్టె కొట్టినావా?"

చిన్నబ్బ పోయి చూశాడు. కాయకు గాలి ఆడాలని చెక్కల మధ్య చిటికెన వేలంత సందు వదలడం పెట్టెల పనిలో పద్ధతి. ఆయన చేతులు టేకునూ వదిలిపెట్టలేదు.

"తీసకపోతానక్కా," అన్నాడు. "నేను పెట్టెలోణ్ణే."

"అది తర్వాత సూద్దాం. వాయి దిగింది, మద్రాసు బస్సొచ్చే యాళయింది. ఈ పూటకు ఉండనీ," అంటూ దేవకమ్మ తట్టెడు వడలు పై అరలో పోసి తలుపులు మూసింది.

చిన్నబ్బ బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. అద్దాలకు ఆవిరి పట్టింది. జయరావు దగ్గాడు. కానీ కాసేపటికే పైనుంచి కిందికి ఆవిరి విడిపోయింది. వెనక సందుల్లోంచి ఎండ చారలు చారలుగా వడల మీద పడింది. బస్సు దిగినవాళ్లు "అదుగో, అవి" అంటూ వేళ్లు చూపించారు.

రెండు గంటల తరువాత దేవకమ్మ మిగిలిన వడ ఒకటి తెచ్చి జయరావు చెవి దగ్గర విరిచింది. కరకరమంది. ఆ చప్పుడుకు హైవే మీద లారీవాడు బ్రేకు వేశాడని చిన్నబ్బ ఇప్పటికీ చెబుతాడు.

"మరి ఈగలు దూరవా?" అన్నాడు జయరావు పట్టు వదలకుండా.

"ఎనక సన్న వల కొడితే సరిపోతాది. కొట్టే వడ్రంగి ఈడే ఉండాడు," అంది దేవకమ్మ.

చిన్నబ్బ తల ఎత్తాడు.

నెల తిరక్కుండా పలమనేరు నుంచి మిఠాయి కొట్టాయన వచ్చాడు. దేవకమ్మ బీరువాలాంటిదే కావాలి, సందులతో సహా. చిన్నబ్బ కొత్త చెక్కల్ని పక్కపక్కన పేర్చి, మధ్యలో చిటికెన వేలు పెట్టి చూశాడు. ఈసారి కళ్లు కూడా అక్కడే ఉన్నాయి.

దారిన పోతున్న జయరావు ఆగి, "గోరు తీసేయప్పా, కొలత తప్పుతాది," అన్నాడు.

చిన్నబ్బ వేలు చూసుకున్నాడు. నిజంగానే గోరు పెరిగింది.