మా చర్చి వెబ్‌సైటులో ఆ వాక్యాన్ని ఎవరూ చెరపలేదు

మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో కాటా గుమాస్తాగా పనిచేస్తున్నాను. ధాన్యం లారీ కాటా మీదికి ఎక్కగానే నేను ముందు చూసేది మనుషులను. డ్రైవరు కిందికి దిగాడా, క్లీనరు టార్పాలిను మీద పడుకుని బరువులో కలుస్తున్నాడా, పై వరసలో ఎండు బస్తాలు పేర్చి అడుగున తడివి దాచారా అని చూస్తాను. ఆ తర్వాతే అంకెలు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, వచ్చిన గింజలను అరచేతిలో నలుపుతూ ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తాను. నా జీతంలో చాలా భాగం ఆ చూపుకే ఇస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని మిల్లులో వదిలేసి వెళ్ళడం నాకు చేతకాలేదు.

ఆ చూపుతోనే మా సంఘంలో ఒక టీచరుగారి మీద నింద వేశాను. చర్చి వెబ్‌సైటులో మా నాన్న గురించి నేను రాసిన వాక్యాన్ని ఆవిడ పదేపదే చెరిపేస్తున్నారని కమిటీ ముందు చెప్పాను. అందరూ నమ్మారు. నేను చెప్పింది నిజం కాదు. ఆ సంగతి తర్వాత చర్చిలో నిలబడి ఒప్పుకున్నాను కానీ, వినేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అందుకని ఇప్పుడు మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది లూథరన్ సంఘం. చర్చి కట్టి వందేళ్ళు నిండుతున్నాయని పండుగ తలపెట్టినప్పుడు, మనకూ ఒక వెబ్‌సైటు ఉండాలని కమిటీలో అనుకున్నారు. వయసులో ఉండగా కంప్యూటర్ సెంటరులో పేజీలు తయారుచేయడం కొంచెం నేర్చుకున్నాను కాబట్టి నేను చేస్తానన్నాను. సండేస్కూలు నడిపే టీచరుగారు కూడా ముందుకొచ్చారు. ఆవిడ అవసరం వేరు. ఆవిడ లెక్కలు చెప్పే ప్రైవేటు స్కూలును ఇంకో స్కూల్లో కలిపేస్తున్నారు. ఈ ఏడాది అయ్యాక వేరే ఉద్యోగం చూసుకోమన్నారు. రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసువాళ్ళు, ఫలానా ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుని సొంతంగా ఒక సైటు చేసి చూపిస్తే తీసుకుంటామని ఆవిడకు మాటిచ్చారు. ఇంట్లో కంప్యూటరు లేదు. వయసుమళ్ళిన అత్తగారు, చదువుకునే ఇద్దరు పిల్లలు, అందరికీ ఆవిడ జీతమొక్కటే. చర్చి పక్క గదిలో ఉన్న కంప్యూటరే ఆవిడకు ఆధారం. ఈ సంగతంతా నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

శనివారాలు ఇద్దరం బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి వెబ్‌సైట్లు చేయడం నేర్పే క్లాసులో కూర్చునేవాళ్ళం. ఫ్రేమ్‌వర్క్ అంటే, వెబ్‌సైటుకు కావలసిన సరంజామాను ముందే అమర్చి ఇచ్చే ఏర్పాటు. మనం రాసేది రాస్తే మిగిలినదంతా అదే చూసుకుంటుందని చెప్పారు. నాకు అక్కడే నమ్మకం కుదరలేదు. నేను ఒక ఫైలు రాస్తే, కంప్యూటరు నేనెప్పుడూ చూడని ఇంకేదో ఫైలు పేరు చెప్పి ఎర్ర అక్షరాలు కుమ్మరించేది. క్లాసులో ఇచ్చిన వీడియోలో చూపించినట్టే కొట్టినా పనిచేసేది కాదు. ఆ వీడియో పాత వెర్షనుదట. దిద్దిన పేజీ మళ్ళీ తెరిస్తే పాతదే కనిపించేది. బ్రౌజరు పాత పేజీని దాచుకుని చూపిస్తోందట. ఒక బ్రాకెట్ మూయకపోతే సైటంతా తెల్లకాగితం అయిపోయేది.

"నేను రాయని ఫైల్లో తప్పుందంటుందేంటండీ?" అని ఇన్‌స్ట్రక్టరును నిలదీశాను. ముప్ఫై దాటని మనిషి, హుషారుగా ఉంటాడు.

"మీరు పిలిస్తేనే వచ్చిందండి బాబాయిగారూ ఆ ఫైలు. ఎర్ర అక్షరాలు తిట్లు కావండి. తప్పెక్కడుందో చెబుతున్నాయి. పైనుంచి చదవండి."

"అన్నయ్యగారు కంప్యూటరును కూడా కాటా ఎక్కించేలా ఉన్నారండి సార్," అన్నారు టీచరుగారు. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

ఆవిడ త్వరగా పట్టుకున్నారు. ఎర్ర అక్షరాలు వస్తే పైనుంచి నిదానంగా చదివి, దిద్ది, ముందుకు వెళ్ళిపోయేవారు. నేను రాసిన ముక్కలనూ తాను రాసిన ముక్కలనూ కలిపి సైటును సిద్ధం చేయడం కూడా ఆవిడే చేసేవారు. దానికి ఒక కమాండు ఉంటుంది. క్లాసులో 'బిల్డ్ కొట్టడం' అనేవాళ్ళం. నేను కొడితే ఎప్పుడూ ఏదో ఒక గోల వచ్చేది కాబట్టి ఆ పని ఆవిడకే వదిలేశాను. ఒకరోజు నేను, ఒకరోజు ఆవిడ గదిలో కూర్చునేవాళ్ళం. తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉండేది.

ఇక ఆ వాక్యం. మా చర్చి గంటను రాజమండ్రి నుంచి కాలువ మీద పడవలో తెచ్చింది మా నాన్న. చిన్నప్పుడు ఆయన నోటనే విన్నాను. టీచరుగారి తాతగారు అప్పట్లో సంఘ పెద్ద. గంట ఆయనే తెప్పించారని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. రెండూ నిజమే అయ్యుండవచ్చు. ఒకరు తెప్పించారు, ఒకరు తెచ్చారు. నాకు మాత్రం గోడ మీద రాతిపలకలో వాళ్ళ తాతగారి పేరుండి మా నాన్న పేరు లేకపోవడం ఎప్పటి నుంచో గుచ్చుకుంటోంది. చరిత్ర పేజీలో నాన్న గురించి ఒక వాక్యం చేర్చాను.

మర్నాడు ఆవిడ కూర్చుని వెళ్ళాక చూస్తే ఆ వాక్యం లేదు.

నేను సేవ్ చేయలేదేమో అనుకుని మళ్ళీ రాశాను. ఉంది. ఆవిడ వచ్చి వెళ్ళాక మళ్ళీ లేదు. మూడోసారీ అంతే. పేజీలో మిగిలిన మాటలన్నీ చెక్కుచెదరలేదు. ఒక్క మా నాన్న వాక్యమే పోయింది. ఇక నాకు వేరే రుజువు ఎందుకు?

అప్పటి నుంచి ఆవిడ చేసే ప్రతి పనీ వేరుగా కనిపించింది. నేను గదిలోకి రాగానే తెర మీద ఉన్నదాన్ని చటుక్కున మూసేసేవారు. చెప్పిన సమయానికి లేవకుండా ఇంకో గంట కూర్చునేవారు. రాజమండ్రిలో చూపించడానికి సొంత సైటు చేసుకుంటున్నారని నాకు తెలుసు. చర్చి కంప్యూటరు మీద సొంత పని చేస్తున్నానని మొహమాటపడుతున్నారని ఎవరికైనా తడుతుంది. నాకు తట్టలేదు.

మిల్లులో చేసినట్టే ఒక ఉచ్చు పన్నాను. గురువారం వాక్యం రాసి, ఉందని సరిచూసుకుని, తాళం వేసి వచ్చాను. శుక్రవారం ఆవిడ పని ముగించుకుని వస్తుంటే గేటు దగ్గర ఎదురెళ్ళాను.

"చరిత్ర పేజీ ఏమైనా ముట్టుకున్నారా టీచరుగారూ?"

"లేదండీ అన్నయ్యగారూ. ఫోటోల పేజీ చేశాను, చివర్లో బిల్డ్ కొట్టి లేచాను. ఏం, ఏమైనా తేడా వచ్చిందా?"

"ఏం లేదులెండి."

లోపలికి వెళ్ళి చూశాను. వాక్యం లేదు. ఒకసారి మిల్లులో తణుకు నుంచి వచ్చిన ధాన్యం లోడులో రాళ్ళు పట్టుకున్న రోజు కలిగే తృప్తి లాంటిదే కలిగింది నాకు. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీలో పెట్టాను.

ఒక సంఘ పెద్ద అడిగారు. "ఏమ్మా, ఎందుకు తీసేస్తున్నావు?"

"నేను తియ్యలేదండి."

"మరెవరు తీశారు, సైతానా?"

నవ్వారు. ఆవిడ మా పాస్టరు అయ్యగారి వైపు తిరిగారు. "ఎందుకు పోతోందో నాకూ తెలియట్లేదండి. శనివారం సార్‌ని అడుగుదాం."

"అడిగేదాకా ఆవిడ తాళంచెవి కమిటీ దగ్గరుంటే మంచిదండి," అన్నాను నేను.

అప్పుడు ఆవిడ ముఖం మారింది. "పదిహేను రోజులు ఆగండి అయ్యగారూ. రాజమండ్రిలో చూపించాల్సింది సగంలో ఉంది. అది అయిపోయాక తాళం మీరే ఉంచుకోండి. నేనసలు ఆ గది వైపే రాను."

"ఆ పదిహేను రోజుల్లో ఇంకేం తీసేద్దామని?" ఈ మాట కూడా నాదే.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. శనివారం క్లాసుకు రాలేదు. నేను ఒక్కడినే వెళ్ళాను. ఇన్‌స్ట్రక్టరును అడగలేదు. తేలిపోయిన సంగతిని మళ్ళీ అడగడం దేనికనుకున్నాను.

నెట్ సెంటరులో కూర్చుని ఆ సైటు పూర్తిచేయాలని ఆవిడ ప్రయత్నించారని తర్వాత తెలిసింది. అక్కడి కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్లేవీ ఎక్కించనివ్వలేదట. గడువు దాటిపోయింది. రాజమండ్రి వాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు.

ఆవిడ రావడం మానేశాక నా వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. వచ్చిన వాళ్ళందరికీ ఆ మాటే చెప్పాను. చూడండి, మనిషి వెళ్ళింది, వాక్యం నిలిచింది అని.

పండుగ దగ్గరపడింది. ఆరాధన సమయం మారింది, కొత్త ఫోటోలు ఎక్కించాలి. బిల్డ్ కొట్టేవాళ్ళు లేరు కాబట్టి ఎర్ర అక్షరాలతో కుస్తీ పట్టి చివరికి నేనే కొట్టాను. చరిత్ర పేజీ తెరిచాను. వాక్యం లేదు.

గదిలో నేను తప్ప ఎవరూ లేరు. లేచి కిటికీ చూశాను. గడియ వేసే ఉంది. ఆవిడ ఫోనులోంచి సైటులోకి వచ్చి చెరుపుతున్నారనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను. వాక్యం రాసి మళ్ళీ బిల్డ్ కొట్టాను. పోయింది. ఇంటర్నెట్ వైరు పీకేసి, రాసి, మళ్ళీ కొట్టాను. పోయింది. కుర్చీలో వెనక్కి వాలిపోయాను. మొదటిసారి భయం వేసింది. ఆ భయం దొంగ దొరకనందుకు కాదు.

శనివారం ఆ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో తీసుకెళ్ళి ఇన్‌స్ట్రక్టరుకు చూపించాను.

"ఎక్కడ రాశారు బాబాయిగారూ ఈ వాక్యం?"

చూపించాను. ఇక్కడే విషయమంతా ఉంది కాబట్టి నిదానంగా చెబుతాను. సైటుకు రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఒకదానిలో మనం రాస్తాం. బిల్డ్ కొట్టినప్పుడు ఫ్రేమ్‌వర్క్ దాన్ని చదివి, జనానికి చూపించే పేజీలను రెండో ఫోల్డరులో తయారుచేసి పెడుతుంది. మొదటి ఫోల్డరులో పేజీ ముక్కలుముక్కలుగా ఉండి నాకు మింగుడుపడేది కాదు. రెండోదాంట్లో ఒకప్పుడు నేను నేర్చుకున్న తీరులో మొత్తం పేజీ ఒక్కచోట కనిపించేది. పేజీలో మిగిలినవన్నీ మొదటిదాంట్లోనే ఉన్నా, ఈ వాక్యాన్ని మాత్రం అందుకని రెండోదాంట్లోనే రాసేవాణ్ణి. రాయగానే కనిపించేది కూడా. క్లాసులో తప్పని చెబుతారేమోనని ఆ దొడ్డిదారి సంగతి ఎవరికీ చెప్పలేదు, టీచరుగారికి కూడా.

"మీ మిల్లులో బియ్యం బస్తా విప్పి రాళ్ళేరితే ఆ బస్తా వరకే బాగుంటుంది కదండీ," అన్నాడతను. "మళ్ళీ మర ఆడిస్తే వచ్చేవి కొత్త బియ్యం. బిల్డ్ కొట్టిన ప్రతిసారీ ఈ ఫోల్డరు ఖాళీ అయిపోయి మళ్ళీ తయారవుతుంది. మీ వాక్యం అసలు ఫోల్డరులో ఎప్పుడూ లేదు."

"అయితే ఎవరూ తియ్యలేదా?"

"ఎవరు తీస్తారండి? కొత్తలో చాలామంది చేసే పొరపాటే ఇది. నేనూ చేశాను. అన్నట్టు టీచరుగారు రావట్లేదేంటండీ? ఆవిడకు బాగా పట్టుబడింది."

"ఇంట్లో పనులంట," అన్నాను.

తిరుగు బస్సులో గేటు దగ్గర ఆవిడ చెప్పిన మాట వినిపిస్తూనే ఉంది. చివర్లో బిల్డ్ కొట్టి లేచాను. జవాబు ఆ రోజే నా చేతిలో పెట్టారు. నేను ముఖం చూస్తూ నిలబడ్డాను.

అప్పటికైనా వెళ్ళి చెప్పవచ్చు. చెప్పలేదు. వాక్యాన్ని సరైన ఫోల్డరులో రాశాను. పండుగ రోజు తెర కట్టి సైటు చూపించినప్పుడు అది నిలిచింది, అందరూ నా చెయ్యి పట్టుకుని అభినందించారు. టీచరుగారు ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చున్నారు. ఆవిడ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాన్ని చూసీ ఇంకొన్ని వారాలు ఊరుకున్నాను.

చివరికి ఒక ఆదివారం ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. ఫోల్డరు, బిల్డు అంటూ ఏదో చెప్పాను. తప్పు నాది, టీచరుగారిది కాదు అని ముగించాను. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయటికి రాగానే ఆ సంఘ పెద్దే నా భుజం తట్టారు. "ఆవిడ మీద జాలిపడి నెత్తిన వేసుకున్నారు. మంచి మనసండీ మీది."

"కాదండీ, నిజంగా నేనే..."

"సరేలెండి. ఆవిడేనా ఇలా చెప్పమంది?"

ఆయన కళ్ళు సన్నగా చేసి నా ముఖంలోకి చూస్తున్నారు.

ఆ సాయంత్రం అయ్యగారు మా ఇద్దరినీ ఆ గదికి పిలిచారు. క్షమించమన్నాను. ఆవిడ తల ఊపారు. అవునన్నట్టు కాదు, విన్నానన్నట్టు. అయ్యగారు తాళంచెవి ఆవిడ ముందు పెట్టారు.

"మీ సొంత పనికి కూడా వాడుకోండమ్మా. ఇంకెక్కడైనా ప్రయత్నిద్దురుగాని."

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "చేస్తానండి అయ్యగారూ. ఉద్యోగం కావాలి నాకు. కానీ తాళం నా దగ్గర వద్దండి. మీరు తెరిపించండి. నేను ఉన్నంతసేపూ గదిలో ఇంకొకరు కూర్చోవాలి. రేపు ఇంకేదైనా పోతే చూసినవాళ్ళు ఉండాలి కదండీ."

"రోజూ మిల్లు వదలగానే వచ్చి నేను కూర్చుంటానండి," అన్నాను.

"మీరు కాదండి," అన్నారు టీచరుగారు.