బావ గిటారుకి పసుపు

ఓడలో పనిచేసే మా బావ సింగపూర్‌లో కొన్న ఎలక్ట్రిక్ గిటారు ఇవాళ కోటప్పకొండ తిరునాళ్లలో మా ఆర్కెస్ట్రాతో పాటు ప్రభ ముందు కట్టిన స్టేజీ ఎక్కింది. చేత్తో చేసిన ఖరీదైన వస్తువు. కాళ్లావేళ్లా పడితే ఇచ్చాడు.

దాని మెడ వేరే చెక్క, ఒంటికి స్క్రూలతో బిగించి ఉంటుంది. దాని మీదే మా ఆర్కెస్ట్రాలో పొద్దున్నుంచీ గొడవ.

"ఇంత డబ్బు పోసి స్క్రూల గిటారేందిరా? ఒకే చెక్కయితేనే సౌండు నిలబడుద్ది," అన్నాడు బేస్ వాయించే బాషా.

"మెడ వంగితే విప్పి మార్చుకోవచ్చు, నీకేం తెలుసు!" అన్నాడు కీబోర్డు సుబ్బారావు.

ఇంతలో ప్రభ కట్టించిన పెద్దాయన వచ్చాడు. ప్రభ మీదికి ఏదెక్కినా పసుపు కుంకుమ పెట్టాల్సిందే గదా. నేను వద్దనేలోపే గిటారు మెడ నిండా తడి పసుపు పూసేశాడు. పాలిష్ లేని తెల్ల చెక్క, మొత్తం పీల్చేసుకుంది. కంగారులో సబ్బు పెట్టి రుద్దాను. ఎర్రబడింది!

ఒకసారి మీటి చూశాను. బాషా తలూపాడు. "ఇప్పుడు నిలబడిందిరా సౌండు!"

నా గుండె మాత్రం నిలబడట్లా. ఇంకాసేపట్లో బావ వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఈ మరక దేంతో పోద్దో తెలిసినోళ్లు తొందరగా చెప్పండి. చీకట్లో నిలబడి వాయిద్దామంటే, మాది ఒళ్లంతా బల్బులున్న కరెంటు ప్రభ.