పరగడుపు గ్లాసు

"అది గోలీలు మింగుతలేదురా, పెరట్ల పారేస్తున్నది!"

"నువ్వు చూసినవా నాయినా?"

"చూసుడెందుకు? రిపోర్టు చెప్తలేదా? యాభై గోలీ నూటిరవై అయిదు అయింది. థైరాయిడ్ జర్రన్న దిగిందా?"

"అమ్మ గట్ల చెయ్యది."

"నీకేం ఎరుక మీ అమ్మ సంగతి!"

మెదక్‌లో వాళ్ల పాల దుకాణం వెనక క్యాన్లు తోముతున్న బాలమణి చేతిలో పీచు ఆగిపోయింది. లోపల అరుచుకుంటున్నది భర్త ఇంద్రకరణ్, కొడుకు నవీన్. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తిట్టాడు, అలిగాడు. అబద్ధాలకోరు అని మాత్రం ఎన్నడూ అనలేదు. అదీ కొడుకు ముందు.

ఏడాదిగా ఒక్క పొద్దు తప్పలేదు ఆమె. లేవగానే మొహం కడుక్కుని గోలీ మింగేది. గంటసేపు ఏమీ తినొద్దని డాక్టర్ అన్నాడు, తినలేదు. పాలు మాత్రం తాగేది. పాలు తాగడమూ తినడం కిందికే వస్తుందని పాలమ్మేవాళ్లు ఎవరనుకుంటారు? పైగా అది ఆమె పని. ఎల్దుర్తి నుంచి బండి మీద పాలు రాగానే ఒక గ్లాసు కాచి, మొదటి గిరాకీ ఎదుట గడగడా తాగి చూపించాలి. "నీళ్లు గలపలే, పౌడర్ గలపలే, నేనే తాగుతున్న చూడుండ్రి" అనాలి. ఆ గ్లాసు మీదే దుకాణం నిలబడింది.

తొమ్మిదయ్యేసరికి కడుపు ఉబ్బి రాయిలా అయ్యేది. మెలిపెట్టే నొప్పి, ఆపైన విరేచనాలు. ఈ గోలీలు మొదలవకముందే, ఎనిమిదేళ్ల కిందే, భర్తతో చెప్పుకుంది.

"ఏడ అనకు," అన్నాడు ఇంద్రకరణ్. "అమ్మెటామెకే పాలు పడకపోతే కొనెటోడు కొంటడా?"

ఆ మాటా నిజమే అనుకుని నోరు మూసుకుంది.

పోయిన నెల డాక్టరే అడిగాడు. "పాలు పడతాయా అమ్మా? పడనివాళ్లకు పేగులు ఈ మందును సరిగ్గా పీల్చుకోకపోవచ్చు. అప్పుడు గోలీ పెంచినా లాభం ఉండదు."

ఆమె నోరు తెరిచేలోపే ఇంద్రకరణ్ అందుకున్నాడు. వెనక బెంచీ మీద వాళ్ల దుకాణం గిరాకీలు ఇద్దరు కూర్చుని ఉన్నారు మరి. "పాలోళ్లకు పాలు పడకపోవుడేంది సార్? మస్తు అరుగుతయి!" డాక్టర్ మోతాదు పెంచి రాశాడు. ఇంటికొచ్చి గ్లాసు మానేస్తానంటే, పెళ్లిళ్ల సీజన్ పోనియ్యి అన్నాడు. సరేనంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. అయినా సరేనంది.

డాక్టర్ మాట చెవులారా విన్న ఆ మనిషే ఇవాళ గోలీలు పారేస్తోందంటున్నాడు.

బాలమణి చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. పొద్దున తాగిన గ్లాసు తెచ్చి ఇంద్రకరణ్ ముందు పెట్టింది. నవీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"గోలీ మింగిన. దాని మీద నీ పాలు గూడ తాగిన," అంది. "ఒక్కటే అడుగుతున్న. రేపు నా ఎంబడి దవాఖానకు రా. బెంచీ మీద గిరాకీలు ఎంతమందన్న ఉండనీ. నా పెండ్లానికి పాలు పడయి, ఎనిమిదేండ్ల సంది నాకు ఎరుకే అని డాక్టరుతోని నీ నోటితోనే చెప్పు."