ఆమేన్‌కి ముందు ఆగిన చోటు

బైండింగు మాస్టారి భార్యకి భర్త మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనతో అనలేదు, బయట ఇంకెవరితోనూ అనలేదు. భోజనానికి ముందు ఆయన చేసే ప్రార్థనలో ఆవిడ పేరు ఉండేది కాదు.

మిగతా అందరూ ఉండేవారు. కూతురూ అల్లుడూ, పాస్టరుగారు, పాస్టరుగారి మోకాళ్ళ నొప్పి, పక్కింటి ముసలాయన, చివరికి ఆ ఏడు తమ దగ్గర అట్టలు వేయించుకున్న పుస్తకాలు చదవబోయే పిల్లలు కూడా. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క పేరూ దాటిపోవడం వింటుండేది. అందరూ అయ్యాక ఆయన కాస్త ఆగేవాడు. ఇప్పుడైనా అంటాడేమో అనుకునేది. "ఆమేన్" అనేసేవాడు. తనూ "ఆమేన్" అని గరిటె అందుకునేది.

ఇంటి ముందుగదే వాళ్ళ షాపు. కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్లకి అటు ఆయన, ఇటు ఆవిడ. ఆయన కాగితాలు మడతపెట్టి, వరసగా పేర్చి, ఆ కట్టని నిలబెట్టి బల్ల మీద రెండుసార్లు టకటకా తట్టేవాడు. అంచులన్నీ ఒక్క గీత మీదికి వచ్చేవి. ఆ చప్పుడు వినగానే ఆవిడ చేయి చాపేది. సూదీ దారం ఆవిడవి. కుట్టు అయ్యాక మళ్ళీ కట్ట ఆయన దగ్గరికి పోయేది. జిగురు, గుడ్డ, అట్ట, దాని మీద బంగారు అక్షరాలు ఆయనవి. మధ్యలో మాటలుండేవి కావు. రెండు తట్లు చాలు, ఇక నీ పని అని.

ఆయన చర్చిలో పెద్ద. పెళ్ళి కుదిరిన జంటలకి శనివారాలు పాఠం చెప్పేవాడు. సగం కట్టిన పుస్తకం ఒకటి తీసుకెళ్ళి చూపించేవాడు. "ఇదిగో, అట్ట భర్త, కుట్టు భార్య. భార్యకి భర్త శిరస్సు అంటుంది వాక్యం, శిరస్సు అంటే పెత్తనం అనుకునేరు నాయనా. పుస్తకం కింద పడితే ముందు సొట్టపోయేది అట్ట మూల. అదీ యజమాని పని."

వెనక బెంచీలో కూర్చున్న ఆవిడ ఊరుకునేది కాదు. "కుట్టు ఊడితే మటుకు ఉత్త అట్ట పట్టుకుని ఏం చదువుకుంటారో అడగండమ్మా."

అందరికన్నా గట్టిగా నవ్వేది ఆయనే.

ఒక మంగళవారం పొద్దున జిగురు రాస్తూ రాస్తూ కుంచె వదిలేశాడు. వంగి తీసుకోబోయి లేవలేదు. పక్షవాతం. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. మనుషుల్ని గుర్తుపడతారు, చెప్పింది తెలుస్తుంది, మాటే కూడిరాదు, ఎడమచేత్తో రాయిద్దామన్నా అక్షరాలు కుదరవు, అవునూ కాదూ అని తల ఊపడం కూడా తారుమారవుతుంది అని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆవిడ వడ్డించి, ఎదురుగా కూర్చుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది. ఎంతకీ ఏమీ వినబడలేదు. ఆయన లోపల చేసుకుంటున్నాడు కాబోలనుకుని, పేర్లన్నిటికీ పట్టేంత సేపు ఆగి, తనే "ఆమేన్" అంది. మర్నాడూ అంతే. అలా నాలుగు నెలలు నడిచింది.

అప్పుడు కూతురు చూడ్డానికొచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో కంచాలు కడుగుతూ అడిగింది.

"అమ్మా, ఎవరి కోసం అంతసేపు ఆగుతున్నావ్?"

"మీ నాన్న లోపల చేసుకుంటారే. టైం ఇవ్వద్దూ?"

"నువ్వే పైకి చెయ్యొచ్చుగా."

"బాగానే చెప్పొచ్చావు. ఇంటాయన ఎదురుగా కూర్చునుండగా నేనా? బతికున్న మనిషిని ఫోటో చేసి గోడకి తగిలించినట్టుండదూ?"

కూతురు కుళాయి కట్టేసింది. "నాన్న ప్రార్థన చెయ్యట్లేదమ్మా. ఇందాక నేను కళ్ళు తెరిచి చూశాను."

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఆ దొంగబుద్ధి పోలేదూ!"

"విను. పెదాలు కదుపుతున్నారు, రావట్లేదు. నీ వంకే చూస్తూ ఏడుస్తున్నారు."

"ఏడుపు కాదే పిచ్చిదానా. జబ్బు చేసినప్పట్నుంచీ ఆ కుడికన్ను కారుతూనే ఉంటుంది. డాక్టరే చెప్పాడు."

"రెండు కళ్ళూ కారుతున్నాయమ్మా."

ఆవిడ చేతిలో కంచం కింద పెట్టింది.

కూతురు గొంతు తగ్గించింది. "నీ వంక చూడ్డం కొత్తేం కాదులే. నా చిన్నప్పుడూ అంతేగా. అందరి పేర్లూ అయ్యాక ఆగి, కళ్ళు తెరిచి నిన్ను చూసేవారు. చూసి అప్పుడు ఆమేన్ అనేవారు. నేను దొరికిపోతానని ఆ టైంకి గబుక్కున కళ్ళు మూసేసేదాన్ని. నీకు తెలీదూ?"

ఆవిడకి ఎలా తెలుస్తుంది? ఒక్కపూట కూడా కళ్ళు తెరవలేదే!

ముందుగదిలోకి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర ఎండలో కూర్చునున్నాడు. "ఏమండీ, అది చెప్పింది నిజమేనా? ఆమేన్‌కి ముందు ఆగింది నా కోసమేనా?" ఆయన తలెత్తి చూశాడు. నోరు తెరిచాడు. గొంతులో ఏదో గరగరలాడి ఆగిపోయింది. "సరేలెండి, సరేలెండి" అని భుజం నిమిరింది. అడగాల్సిన రోజుల్లో అడగని దాన్ని ఇప్పుడడిగి ఆ మనిషిని ఎందుకు ఇబ్బంది పెట్టాను అని, ఆ సాయంత్రమంతా తనని తానే తిట్టుకుంది.

కూతురు పొద్దున్నే బయల్దేరి వెళ్ళింది. మధ్యాహ్నం మళ్ళీ ఇద్దరే. ఆవిడ వడ్డించి కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు. ఆయన పెదాలు అప్పుడే కదలడం మొదలైంది, చెమట పట్టింది. నాలుగు నెలలుగా రోజూ తన ముందు జరుగుతున్నది ఇదా అనుకుంది.

"ఏమండీ, ఇవాళ్టికి నన్ను చెయ్యనిస్తారా?"

ఆయన పెదాలు ఆగాయి. తరవాత ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తి, వేలి కణుపులతో బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

ఆవిడ చేయి చాపబోయి, నవ్వబోయి, రెండూ చెయ్యలేక ప్రార్థన మొదలుపెట్టింది. ఆయన చెప్పే వరసలోనే చెప్పింది: కూతురు, అల్లుడు, పాస్టరుగారు. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వచ్చి చెప్పింది. పక్కింటి ముసలాయన పోయి రెండేళ్ళయింది, అయినా ఆయన పేరూ చెప్పింది. షాపు మూతబడింది గనక పుస్తకాల పిల్లలు లేరు. అందరూ అయిపోయారు.

అక్కడ ఆగి ఆయన్ని చూసింది. ఈయన కోసం దేవుణ్ణి ఏమని అడగాలి? మాట ఇమ్మనా, చెయ్యి ఇమ్మనా, ఇంకో ముప్పై ఎనిమిదేళ్ళు ఇమ్మనా? ఏ మాటా ఆ మనిషికి సరిపోలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆయన పనీ ఇదే కాబోలు.

ఆమేన్ ఆయన నోటి నుంచే ముందు రావాలని ఎదురుచూసింది. నోరు తెరుచుకుంది. పెదాలు ఒకసారి కలిశాయి. రాలేదు.

చివరికి ఆయన వంతుదీ ఆవిడే అంది. ఒక్క క్షణమాగి, తన వంతుది ఇంకోసారి అంది.

అప్పటికి కూర చల్లారిపోయింది. వెచ్చబెట్టి తెస్తానని గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అటు తిరిగి నిలబడిపోయింది, గిన్నె అడుగంటిన వాసన వచ్చేదాకా.